స్ఫటికంలోని లోపమే సెన్సర్: పలుచటి అయస్కాంతాలను వెలుగుతో చదవడం

స్వచ్ఛమైన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికానికి రంగు ఉండదు. అందులో కొన్ని అల్యూమినియం పరమాణువుల చోట క్రోమియం వచ్చి కూర్చుంటే అదే కెంపు అవుతుంది. ఆకుపచ్చ వెలుగు పడితే ఆ క్రోమియం దాన్ని పీల్చుకుని, 694 నానోమీటర్ల దగ్గర సన్నటి ఎర్రని రేఖగా తిరిగి ఇస్తుంది. 1960లో థియోడర్ మైమన్ తయారుచేసిన తొలి లేజర్ ఈ వెలుగుతోనే పనిచేసింది. కెంపుకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది, దాని గురించి బయట అంతగా తెలియదు. రెండు వజ్రపు మొనల మధ్య పదార్థాన్ని నొక్కి, భూగర్భంలో ఉండే స్థాయి ఒత్తిడి పెట్టే ప్రయోగాల్లో అసలు ఎంత ఒత్తిడి పడుతోందో తెలుసుకోవడం ఒకప్పుడు పెద్ద సమస్య. 1970ల మొదట్లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ శాస్త్రవేత్తలు నమూనాతో పాటే ఒక చిన్న కెంపు నలుసును లోపల పెట్టి, దాని వెలుగును గమనించారు. ఒత్తిడి ఒక గిగాపాస్కల్ పెరిగితే ఎర్ర రేఖ సుమారు 0.365 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. రేఖ ఎక్కడుందో చూస్తే ఒత్తిడి ఎంతో తెలిసిపోతుంది. అధిక ఒత్తిడి ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఇదే వాడుక.

తన చోటు కాని చోట చేరిన పరమాణువైనా, పరమాణువు ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీ అయినా, చుట్టుపక్కల పరిస్థితిని బట్టి తన వెలుగును మార్చుకుంటుంది. అర్ధవాహక పరిశ్రమ దశాబ్దాలుగా ఇలాంటి లోపాలను ఏరిపారేయడానికే కోట్లు ఖర్చుపెట్టింది. అదే లోపాన్ని కొలత పరికరంగా వాడుకునే ఆలోచన ఇప్పుడు పొరలు పొరలుగా ఉండే అయస్కాంత అర్ధవాహకాల దాకా వచ్చింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కెంపు నలుసు ఒత్తిడిని కొలుస్తుందే గానీ దాన్ని పుట్టించదు. ఈ అయస్కాంతాల్లోని లోపం మాత్రం తాను కొలిచే అయస్కాంతత్వంలో తానే ఒక భాగం కావచ్చు. ఈ పద్ధతికి ఉన్న బలమూ, దాని మీద ఉన్న అనుమానమూ రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

కొలవడానికే దొరకని అయస్కాంతాలు

2004లో మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ సెల్లో టేపుతో గ్రాఫైట్ పొరలు ఊడదీసి గ్రాఫీన్‌ను వేరు చేశాక, పొరలుగా విడిపోయే పదార్థాల మీద పరిశోధకుల చూపు పడింది. వాటిలో అయస్కాంతాలు మాత్రం చాలాకాలం దొరకలేదు. అందుకు సిద్ధాంతపరమైన అనుమానం కూడా తోడైంది. ఎలక్ట్రాన్లు చిన్న అయస్కాంత సూదుల్లా ప్రవర్తిస్తాయి, ఆ గుణాన్నే స్పిన్ అంటారు. స్పిన్‌లు ఏ దిక్కుకైనా సమానంగా తిరగగలిగితే, రెండు పరిమాణాల్లో, అంటే పొడవు వెడల్పులు మాత్రమే ఉన్న పొరలో, అవి వరుసగా నిలబడలేవనీ, ఏ కాస్త వేడి ఉన్నా ఆ వరుస చెదిరిపోతుందనీ 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. దారి ఒక్కటే. స్ఫటికం స్పిన్‌లకు ఏదో ఒక దిక్కును ఇష్టమైనదిగా చేసి పెట్టాలి. 2017లో ఆ దారి తెరుచుకుంది. క్రోమియం ట్రైఅయొడైడ్ ఒక్క పొర కూడా 45 కెల్విన్ల దాకా, అంటే సున్నాకు 228 డిగ్రీల సెల్సియస్ దిగువ దాకా, అయస్కాంతంగానే ఉంటుందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ బృందాలు చూపించాయి. అదే సమయంలో బర్కిలీ నుంచి క్రోమియం జెర్మేనియం టెల్యూరైడ్ ఫలితం వచ్చింది. ట్రైఅయొడైడ్‌లో ఇంకో వింత కూడా కనిపించింది. ఒక పొర అయస్కాంతం. రెండు పొరలైతే ఒకదాని స్పిన్‌లు పైకీ ఇంకోదానివి కిందికీ తిరిగి మొత్తం సున్నా. మూడో పొర చేరితే మళ్లీ అయస్కాంతం.

ఇంత చిన్న అయస్కాంతాన్ని కొలవడం ఎంత కష్టమో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. ట్రైఅయొడైడ్ ఒక్క పొరలో చదరపు నానోమీటరుకు సుమారు 15 బోర్ మాగ్నెటాన్ల (ఒక మాగ్నెటాన్ అంటే ఒక్క ఎలక్ట్రాన్ స్పిన్ స్థాయి) అయస్కాంతత్వం ఉంటుంది. టేపుతో ఊడదీసిన ముక్క పది మైక్రోమీటర్ల పొడవు, పది మైక్రోమీటర్ల వెడల్పు ఉందనుకుంటే, మొత్తం అయస్కాంత భ్రామకం, అంటే ఆ ముక్క అయస్కాంత బలం, దాన్ని కొలిచే ప్రమాణమైన ఒక ఈఎంయూలో లక్ష కోట్లో వంతుకు పది పదిహేను రెట్లు మాత్రమే. ప్రయోగశాలల్లో రోజూ వాడే స్క్విడ్ మాగ్నెటోమీటర్ పట్టగల కనీస భ్రామకం దీనికి కొన్ని వందల నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ. అంటే పెద్ద స్ఫటికాల మీద దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేసిన యంత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. 2017 నాటి ఫలితాలకు వాడింది కెర్ ప్రభావం. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చిన వెలుగు ధ్రువణ దిశ కొద్దిగా తిరుగుతుంది, ఆ తిరుగుడును కొలుస్తారు. పద్ధతి మంచిదే. కానీ వెలుగును అర మైక్రోమీటరు కన్నా సన్నగా కేంద్రీకరించడం కష్టం, కాబట్టి అంతకన్నా చిన్న వివరాలు కలిసిపోతాయి. పైగా మొత్తం అయస్కాంతత్వం సున్నా అయిన చోట, అంటే యాంటీఫెర్రో మాగ్నెట్లలో, మామూలు కెర్ కొలతకు పట్టేది పెద్దగా ఏమీ ఉండదు.

వజ్రంలోని ఖాళీ

లోపంతో అయస్కాంతత్వాన్ని కొలవడం వజ్రంతో మొదలైంది. వజ్రంలో ఒక కార్బన్ చోట నైట్రోజన్ చేరి, దాని పక్క చోటు ఖాళీగా ఉంటే ఆ జంటను ఎన్‌వీ సెంటర్ అంటారు. ఆకుపచ్చ లేజర్ వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది. వజ్రాల వ్యాపారంలో గోల్కొండ పింక్ అని పిలిచే అరుదైన లేత గులాబీ వజ్రాలకు ఆ రంగు ఈ లోపం వల్లే వస్తుంది. పేరులో గోల్కొండ ఉన్నంత మాత్రాన అవన్నీ కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లోంచి వచ్చినవే అనుకోనక్కర్లేదు. అది ఒక రకానికి వ్యాపారులు పెట్టుకున్న పేరు.

ఎన్‌వీ సెంటర్‌లో ఎలక్ట్రాన్ స్పిన్‌కు మూడు స్థితులు ఉంటాయి. సున్నా స్థితిలో ఉంటే బాగా వెలుగుతుంది. మిగతా రెండిట్లో కాస్త మసకగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలిస్తే సున్నా నుంచి మిగతా స్థితుల్లోకి మారి, వెలుగు తగ్గుతుంది. బయట అయస్కాంత క్షేత్రం ఉంటే ఆ రెండు స్థితులూ ఎడమవుతాయి. ఎన్‌వీ అక్షం (నైట్రోజన్‌నూ ఖాళీ చోటునూ కలిపే గీత) వెంట ప్రతి మిల్లీటెస్లాకు ఒక్కో స్థితి 28 మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది. ఏ పౌనఃపున్యాల దగ్గర వెలుగు తగ్గిందో చూస్తే క్షేత్రం ఎంతో లెక్క తేలుతుంది. 1997లో ఒకే ఒక్క ఎన్‌వీ సెంటర్ వెలుగును విడిగా చూడగలిగారు. 2008లో హార్వర్డ్, స్టుట్‌గార్ట్ బృందాలు దాన్ని నానో స్థాయి మాగ్నెటోమీటరుగా మార్చాయి. భారత్‌లో కూడా ఇది ప్రభుత్వ ప్రాధాన్యాల్లో ఉంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో క్వాంటమ్ సెన్సింగ్ కేంద్రాన్ని ఐఐటీ బాంబేకు ఇచ్చారు.

2019లో బాసెల్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ మలెటిన్‌స్కీ బృందం చేసిన ప్రయోగం ఈ రంగంలో ఓపిగ్గా చదవాల్సినది. సూది మొనలా చెక్కిన వజ్రం చివర ఒక్క ఎన్‌వీ సెంటర్ పెట్టి, దాన్ని ట్రైఅయొడైడ్ ముక్క మీద కొన్ని పదుల నానోమీటర్ల ఎత్తులో నడిపారు. బేసి సంఖ్య పొరలున్న చోట ఒక్క పొరకు సరిపడా అయస్కాంతత్వం కనిపించింది. సరి సంఖ్య ఉన్న చోట ఏమీ లేదు. తొమ్మిది పొరల ముక్క కూడా ఒక్క పొరలాగే ప్రవర్తించింది. ఆ తర్వాత నమూనా మీద కప్పిన పొరకు ఒక చోట చిల్లు పడింది. మళ్లీ కొలిస్తే అదే ముక్క తొమ్మిది పొరల బలంతో అయస్కాంతమై కూర్చుంది. ఆ చిల్లు వల్ల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న తీరు మారి, ఎదురెదురుగా ఉన్న స్పిన్‌లు ఒకే దిక్కుకు తిరిగాయన్నది వాళ్ల వివరణ. పొరల అమరికలో చిన్న తేడా అయస్కాంతత్వాన్ని ఎంత మారుస్తుందో ఇంత నేరుగా చూపిన ప్రయోగాలు తక్కువ.

అయినా ఎన్‌వీ సెంటర్‌కు ఒక హద్దు ఉంది. అది చదివేది నమూనా నుంచి బయటికి వచ్చే క్షేత్రాన్ని. గొడవ ఇంట్లో జరుగుతుంటే వీధిలో నిలబడి వింటున్నట్టు. ఎదురెదురు స్పిన్‌లున్న రెండు పొరల మధ్య దూరం ఒక నానోమీటరు కన్నా తక్కువ. యాభై నానోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే పై పొర క్షేత్రాన్ని కింది పొర దాదాపు పూర్తిగా కొట్టేస్తుంది, అంచుల దగ్గర నూటికి ఒకటి రెండు పాళ్లు మిగిలితే గొప్ప. ఆ మిగిలినదాన్ని కూడా పట్టుకోవచ్చని బాసెల్ బృందమే 2024లో చూపింది, అది వాళ్ల నేర్పు. కానీ లోపల స్పిన్‌లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయన్న సంగతి ఈ క్షేత్రంలో నేరుగా కనిపించదు.

దూరం తగ్గించడానికి ఇంకో దారి 2020లో దొరికింది. షట్కోణ బోరాన్ నైట్రైడ్ కూడా పొరల పదార్థమే. అందులో బోరాన్ లేని ఖాళీ చోటు గది ఉష్ణోగ్రతలోనే ఎన్‌వీ సెంటర్‌లా పనిచేస్తుందని జర్మనీలోని వుర్జ్‌బర్గ్ బృందం కనిపెట్టింది. దాని మూల పౌనఃపున్యం సుమారు 3.48 గిగాహెర్ట్జ్. వజ్రపు మొనకు బదులు ఈ రేకును నేరుగా అయస్కాంతం మీద అతికించేయవచ్చు. రెండు మూడేళ్లలోనే మెల్‌బోర్న్, శాన్ డియాగో బృందాలు ఇలా అతికించి పలుచటి అయస్కాంతాల చిత్రాలు తీశాయి. దీని వెలుగు వజ్రంతో పోలిస్తే చాలా మసక. నైట్రోజన్, బోరాన్ రెండిటి కేంద్రకాలకూ స్పిన్ ఉంటుంది కాబట్టి మైక్రోవేవ్ గుర్తులు కూడా వెడల్పుగా పరుచుకుంటాయి. పైగా ఎంత దగ్గరికి జరిగినా ఇది కూడా బయటి నుంచే చూస్తోంది.

సెన్సర్ అయస్కాంతం లోపలే ఉంటే

ఇక్కడే క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్ అనే పొరల అయస్కాంతం ముఖ్యమవుతుంది. ట్రైఅయొడైడ్ గాలి తగిలితే నిమిషాల్లో పాడైపోతుంది. దానితో పనంతా ఆర్గాన్ నింపిన గాజు పెట్టెలో చేతి తొడుగుల్లోంచి చేసుకోవాలి. సల్ఫైడ్ బ్రోమైడ్‌కు ఆ తిప్పలు లేవు, గాలిలో నిలుస్తుంది. క్రోమియం, సల్ఫర్, బ్రోమిన్లను క్వార్ట్జ్ గొట్టంలో సీలు చేసి, ఒక కొసను ఎక్కువగా, ఇంకో కొసను తక్కువగా వేడి చేస్తూ రోజుల తరబడి ఉంచితే మెరిసే స్ఫటికాలు పెరుగుతాయి. టేపుతో ఊడదీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూస్తే పొడవాటి రిబ్బన్లలా ఉంటాయి. రిబ్బన్ పొడవు స్ఫటికపు ‘ఏ’ (a) అక్షం వెంట ఉంటుంది, దానికి అడ్డంగా పొర తలంలోనే ఉన్నది ‘బీ’ (b) అక్షం. స్పిన్‌లకు ఇష్టమైన దిక్కు ఈ బీ అక్షమే. అంటే ముక్క ఆకారం చూసి అయస్కాంతం దిక్కు చెప్పేయవచ్చు. ఇలాంటి సౌకర్యం అయస్కాంత పదార్థాల్లో అరుదు.

ఒక్కో పొర మందం సుమారు 0.8 నానోమీటర్లు. పొర లోపల స్పిన్‌లన్నీ ఒకే దిక్కు. పొరకూ పొరకూ మధ్య ఎదురు దిక్కు. ఈ అమరిక 132 కెల్విన్ల దాకా నిలుస్తుంది. బీ అక్షం వెంట టెస్లాలో మూడో వంతు స్థాయి క్షేత్రం పెడితే ఎదురుగా ఉన్న పొరలు కూడా తిరిగి అన్నీ ఒకే దిక్కుకు వస్తాయి. వీటన్నిటితో పాటు ఇది అసలైన అర్ధవాహకం. వెలుగు వేస్తే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) జంట కట్టి ఎక్సైటాన్‌గా మారి, 1.36 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తిరిగి వెలుగుతుంది. 2021లో వాషింగ్టన్, కొలంబియా బృందాలు ఒక ముఖ్యమైన సంగతి చూపించాయి. పొరలు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ పక్క పొరలోకి దూకలేదు, ఎందుకంటే అక్కడ తన స్పిన్‌కు తగ్గ చోటు అదే శక్తి దగ్గర ఉండదు. క్షేత్రం పెట్టి పొరలను ఒకే దిక్కుకు తిప్పితే ఆ దారి తెరుచుకుంటుంది, ఎక్సైటాన్ వెలుగు శక్తి పది ఇరవై మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల మేర తగ్గుతుంది. పక్క పొర స్పిన్ ఎటు తిరిగిందో వెలుగు రంగే చెబుతోందన్నమాట.

ఎక్సైటాన్‌తో ఇబ్బంది ఏమిటంటే అది స్వేచ్ఛగా తిరుగుతుంది, తాను తిరిగిన మేరకంతా సగటు చెబుతుంది. లోపం కదలదు. అది కూర్చున్న ఒక్క చోటి కబురే చెబుతుంది. 2023లో ఎంఐటీలో ఫ్రాన్సెస్ రాస్ వద్ద పనిచేసిన జూలియన్ క్లైన్, ఇంకా సహ పరిశోధకులు, ప్రాగ్‌లో జ్డెనెక్ సోఫర్ పెంచిన స్ఫటికాల మీద చేసిన పని ఈ దిశలో మొదటి గట్టి అడుగు. సల్ఫైడ్ బ్రోమైడ్ వెలుగులో లోపాల నుంచి వచ్చే రేఖలు ఉన్నాయనీ, వాటిలో వెడల్పు కేవలం ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు ఉన్న సన్నటివి కూడా ఉన్నాయనీ, అవి స్ఫటికపు అయస్కాంత స్థితిని అనుసరించి మారుతున్నాయనీ వాళ్లు చూపించారు.

ఆ రేఖ నిజంగా ఏం చదువుతోందన్నదే ఇందులో అసలు ప్రశ్న. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఒక ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఒక టెస్లా క్షేత్రంలో పెడితే దాని రెండు స్థితుల మధ్య తేడా సుమారు 0.116 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. రేఖ వెడల్పే ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు. టెస్లా అంత పెద్ద క్షేత్రం పెట్టినా రేఖ తన వెడల్పులో తొమ్మిదో వంతు మాత్రమే విడిపోతుంది. పలుచటి అయస్కాంతాల నుంచి బయటికి వచ్చే క్షేత్రాలు మిల్లీటెస్లాల్లోనో, అంతకన్నా తక్కువో ఉంటాయి. కాబట్టి మైక్రోవేవ్ లేకుండా ఉత్త వెలుగు రేఖతో ఆ క్షేత్రాన్ని చదవడం జరిగే పని కాదు. అయినా రేఖ అయస్కాంతత్వానికి స్పందిస్తోందంటే దానికి వేరే కారణం ఉండాలి. ఆ కారణం ఎక్స్‌చేంజ్. లోపం దగ్గర ఉన్న ఎలక్ట్రాన్ తిరిగే చోటూ, పక్క క్రోమియం ఎలక్ట్రాన్లు తిరిగే చోటూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అలా పడినప్పుడు ఒకే దిక్కు స్పిన్‌లకూ ఎదురు స్పిన్‌లకూ శక్తిలో తేడా వస్తుంది, ఆ తేడా మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. స్పిన్‌లను వరుసలో నిలబెట్టేది కూడా ఈ ఎక్స్‌చేంజే. క్షేత్రం దాని పర్యవసానం మాత్రమే.

ఈ తేడాను సరిగ్గా పట్టించుకోకపోతే ఈ రంగంలో వస్తున్న ఫలితాలు అర్థం కావు. లోపలి లోపం వజ్రపు సెన్సర్‌కు చవక ప్రత్యామ్నాయం అన్నట్టు అప్పుడప్పుడు రాస్తుంటారు. అది పొరపాటు. వజ్రం టెస్లాల్లో అంకె ఇస్తుంది, ఏ నమూనా మీద పెట్టినా అదే అంకె. లోపలి లోపం అలాంటి అంకె ఇవ్వదు, పదార్థం మారితే మొత్తం మారిపోతుంది. కానీ మొత్తం అయస్కాంతత్వం సున్నా అయిన చోట కూడా తన ఇరుగుపొరుగు స్పిన్‌లు ఎటున్నాయో అది చెప్పగలదు. యాంటీఫెర్రో మాగ్నెట్లను చదవడానికి ఈ గుణం చాలా విలువైనది.

నిజానికి చిక్కు కొలతలో ఉంది. ఉష్ణోగ్రత మారితే స్పిన్‌ల వరుస ఒక్కటే మారదు. స్ఫటికం వ్యాకోచిస్తుంది, పరమాణువుల కంపనాలు పెరుగుతాయి. ఇవన్నీ రేఖను జరుపుతాయి, వెడల్పు చేస్తాయి. కాబట్టి 132 కెల్విన్ల దగ్గర రేఖలో మార్పు కనిపిస్తే అది అయస్కాంతత్వం వల్లేనని వెంటనే అనేయడానికి లేదు. ఉష్ణోగ్రతను కదలనివ్వకుండా క్షేత్రాన్ని మాత్రమే మార్చే కొలత ఇంతకన్నా నమ్మదగినది. అప్పుడు స్ఫటికం దాదాపు అలాగే ఉంటుంది, తిరిగేవి స్పిన్‌లే. బీ అక్షం వెంట క్షేత్రం పెంచుతూ పోతే పొరలు ఒక్కసారిగా తిరుగుతాయి. మిగతా అక్షాల వెంట పెంచితే మెల్లగా ఒరుగుతాయి. లోపం రేఖ కూడా ఒక దిక్కులో గెంతి, ఇంకో దిక్కులో మెల్లగా జరిగితే దాన్ని మరో రకంగా వివరించడం కష్టం.

నలభై కెల్విన్ల తగువు

సల్ఫైడ్ బ్రోమైడ్‌లో 132 కెల్విన్ల మార్పు మీద ఎవరికీ తగువు లేదు. 40 కెల్విన్ల దగ్గర కనిపించేదాని మీదే ఉంది. ఆ ఉష్ణోగ్రత చుట్టుపక్కల విద్యుత్ నిరోధంలోనూ, అయస్కాంత కొలతల్లోనూ ఇంకో మార్పు వస్తుంది. 2022లో కొలంబియాలో ఎవన్ టెల్ఫర్డ్, జేవియర్ రాయ్, సహచరులు దీన్ని లోపాలకు ముడిపెట్టారు. స్ఫటికంలోని అయస్కాంత లోపాలు 40 కెల్విన్ల దిగువన తమలో తాము ఒక వరుసకు వస్తాయన్నది వాళ్ల వాదన. అదే ఏడాది జెనీవాకు చెందిన ఫాబియన్ వాన్ రోర్ బృందం మ్యూఆన్లతో, అంటే ఎలక్ట్రాన్ లాంటివే అయినా బరువైన, కొద్దిసేపే ఉండే కణాలతో, కొలిచి వేరే మాట చెప్పింది. మ్యూఆన్ కూడా ఒక లోపలి సాక్షే. దాన్ని స్ఫటికంలోకి పంపితే, అది క్షీణించేలోగా తన చుట్టూ ఉన్న క్షేత్రం ఎలా ఊగుతోందో చెబుతుంది. వాళ్లకు కనిపించింది, 100 కెల్విన్ల నుంచి మెల్లగా నెమ్మదిస్తూ వచ్చిన స్పిన్ ఊగిసలాటలు 40 కెల్విన్ల దగ్గర గడ్డకట్టినట్టు ఆగిపోవడం. దీని ప్రకారం కొత్త వరుస ఏదీ రాలేదు, ఉన్న వరుసలోనే కదలిక ఆగింది.

క్లైన్ బృందం చూసిన సన్నటి రేఖ ఈ రెండో మార్పుతో కూడా ముడిపడి ఉందన్నదే ఆ పనిలో అందరి దృష్టినీ లాగిన అంశం. 40 కెల్విన్ల మార్పు లోపాలదే అయితే, లోపం వెలుగు దాన్ని అందరికన్నా ముందు, అందరికన్నా స్పష్టంగా చెప్పాలి. అది చెబుతోంది కూడా. అయినా ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. లోపం రేఖ 40 కెల్విన్ల దగ్గర మారడం రెండు వాదనలకూ సరిపోతుంది. కొత్తగా వరుస వచ్చినా రేఖ మారుతుంది, ఉన్న స్పిన్‌ల ఊగిసలాట ఆగినా రేఖ సన్నబడుతుంది. రేఖ స్థానం స్పిన్‌ల సగటు దిక్కును చెబుతుంది, రేఖ వెడల్పు వాటి ఊగిసలాటను చెబుతుంది. ఈ రెండిటినీ విడదీసి చూస్తే తప్ప తీర్పు రాదు. ఇప్పటిదాకా వచ్చిన ఫలితాల్లో లోపాల వాదన వైపు మొగ్గు ఉందనడం న్యాయమే, తేలిపోయిందనడం మాత్రం తొందరపాటు.

సాక్షే నేరంలో భాగస్వామి అయితే సాక్ష్యానికి విలువ తగ్గుతుందన్న అనుమానం సహజం. ఇక్కడ ఆ అనుమానం సగమే నిజం. లోపం తన పక్కనున్న క్రోమియం స్పిన్‌లను కొద్దిగా మారుస్తుంది కాబట్టి, లోపం లేని స్ఫటికం ఎలా ఉంటుందో అది ఎప్పటికీ చెప్పలేదు. కానీ లోపాలు బొత్తిగా లేని స్ఫటికం ఎవరి దగ్గరా లేదు. రేపు ఈ పదార్థంతో ఏ పరికరం చేసినా అందులో లోపాలు ఉంటాయి, ఆ పరికరం ఎలా నడుస్తుందో అవి కూడా నిర్ణయిస్తాయి. కాబట్టి లోపాలతో కలిసి ఉన్న అయస్కాంతాన్ని చదవడమే అసలు పని.

కావాలని చేసిన లోపాలు

లోపాలను కోరిన చోట పెట్టగలిగితే ఈ పద్ధతి పూర్తిగా వేరే స్థాయికి వెళుతుంది. ఆ వైపు ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. 2022లో క్లైన్, రాస్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోని పుంజాన్నే పనిముట్టుగా వాడింది. పుంజం తగిలిన చోట క్రోమియం పరమాణువులు తమ చోటు వదిలి, పొరకూ పొరకూ మధ్య ఉన్న ఖాళీలోకి జరిగాయి. ఎలక్ట్రాన్ పుంజాన్ని ఎక్కడ ఆపితే అక్కడే ఈ మార్పు. అంటే నానోమీటర్ల కొలతలో గీత గీసినట్టు లోపాలను రాయవచ్చు. 2023లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు అయాన్లతో కొట్టి చూశారు. అయస్కాంతత్వం లేని అయాన్లు తగిలినా చాలు, ఎదురెదురుగా ఉండాల్సిన పొరల్లో కొంత మేర ఒకే దిక్కు అమరిక వచ్చి, సుమారు 110 కెల్విన్ల దాకా నిలిచింది. పొరల మధ్యకు చేరిన పరమాణువులు రెండు పొరల స్పిన్‌లను కట్టివేసే వంతెనల్లా పనిచేస్తాయన్నది దీనికి ఇచ్చిన వివరణ. లోపాల సంఖ్యను బట్టి అయస్కాంతత్వమే మారుతోందనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

వేరే పదార్థాల్లో ఇంకో దారి కూడా నడుస్తోంది. 2023లో లాస్ అలమోస్ బృందం టంగ్‌స్టన్ డైసెలెనైడ్ ఒక్క పొరను నికెల్ ఫాస్ఫరస్ సల్ఫైడ్ అనే యాంటీఫెర్రో మాగ్నెట్ మీద పరిచి, సన్నటి సూదితో అక్కడక్కడ నొక్కింది. నొక్కిన చోటల్లా ఒక్కో ఫోటాన్ చొప్పున వెలుగు ఇచ్చే కేంద్రాలు ఏర్పడ్డాయి. బయట ఎలాంటి అయస్కాంతమూ పెట్టకపోయినా ఆ ఫోటాన్లలో ఎక్కువ భాగం ఒకే వైపు తిరిగే వృత్తాకార ధ్రువణంతో వచ్చాయి. కింది పదార్థంలో పొర తలానికి నిలువుగా నిలిచిన లోపాల అయస్కాంతత్వం పై పొరకు సోకిందని వాళ్లు అర్థం చేసుకున్నారు. క్వాంటమ్ కమ్యూనికేషన్ కోసం ఫోటాన్లు కావాలనుకునేవారికి ఇది వెలుగు మూలం. అయస్కాంతత్వం చదివేవారికి ఇదే కొలత సాధనం.

వజ్రంతో పోలిస్తే సల్ఫైడ్ బ్రోమైడ్‌లోని లోపాలు ఇంకా చాలా వెనకబడి ఉన్నాయి. వజ్రంలో ఏ పరమాణువు ఎక్కడుందో తెలుసు, దాని స్పిన్‌ను మైక్రోవేవ్‌తో తిప్పడం తెలుసు, గది ఉష్ణోగ్రతలోనే పని జరుగుతుంది. ఇక్కడ సన్నటి రేఖలు చల్లటి హీలియం ఉష్ణోగ్రతలకు దగ్గర్లోనే బాగా కనిపిస్తాయి. ఏ రేఖ ఏ లోపానిదో, అది బ్రోమిన్ ఖాళీదా, పొరల మధ్యకు జారిన క్రోమియందా, లేక రెండూ కలిసినదా అన్నది గట్టిగా ముడిపెట్టాలంటే ఒకే చోటును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరమాణువుల వారీగా చూసి, అదే చోటి వెలుగును కూడా కొలవాలి. చెప్పినంత సులువు కాదు. పరమాణువులను చూడటానికి వాడే ఎలక్ట్రాన్ పుంజమే కొత్త లోపాలను పుట్టిస్తుందని పైన చూసిందే. కాబట్టి ముందు వెలుగును కొలిచి, ఆ తర్వాతే పుంజం కిందికి పంపాలి, ఆ పుంజం మోతాదు కూడా వీలైనంత తక్కువ ఉండాలి.

40 కెల్విన్ల తగువు తీరడానికి కూడా దాదాపు ఇలాంటి ప్రయోగమే కావాలి. ఒకే స్ఫటికం నుంచి ఊడదీసిన ఒకే మందం ముక్కలు తీసుకుని, అయాన్ల మోతాదు మెట్లు మెట్లుగా పెంచుతూ లోపాలు చేర్చాలి. ప్రతి మెట్టు దగ్గరా మూడు సంగతులు కొలవాలి: లోపం రేఖ బలం, ఆ రేఖ స్థానం, వెడల్పు విడివిడిగా ఏ ఉష్ణోగ్రత దగ్గర మారుతున్నాయి, అదే ముక్కలో విద్యుత్ నిరోధం ఏ ఉష్ణోగ్రత దగ్గర వంగుతోంది. లోపాలు పెరిగే కొద్దీ ఆ 40 కెల్విన్లు కూడా జరిగితే, లేదా ఆ మార్పు బలపడితే, కొలంబియా వాదనకు బలం వస్తుంది. లోపాలు పదింతలైనా ఆ ఉష్ణోగ్రత అక్కడే ఉండి, రేఖ వెడల్పు మాత్రమే మారుతుంటే మ్యూఆన్ల మాటే నిజమని ఒప్పుకోవాల్సి వస్తుంది.